ఎర్రతాళ్ళు, నీలితాళ్ళు, ఒక పొడి డబ్బా

ఆ ఉదయం కోడలు పెట్టుకున్న పని చిన్నదే. పన్నెండు గొర్రెపిల్లలను తూచాలి, పెంటికలు పరీక్షించాలి, మధ్యాహ్నంలోగా వివరాల కాగితం పశువైద్య కళాశాల పెద్ద డాక్టరు చేతిలో పెట్టాలి.

మెడలో ఎర్రతాడున్న ఆరు పిల్లలకు మూడు నెలలుగా దాణాలో ఈస్టు పొడి కలుపుతోంది. నీలితాడున్న ఆరింటికి ఉత్త దాణా. పొడి తింటే అరుగుదల బాగుపడుతుందా లేదా అన్నదే ఆమె పరిశోధన. పాలు మాని మేతకు అలవాటుపడే వయసులో గొర్రెపిల్ల కడుపు ఎంత పేచీకోరుదో ఆమె గంటసేపు చెప్పగలదు. ఇంట్లో చాలాసార్లు చెప్పింది కూడా. ఓపిగ్గా వినేది మామగారొక్కరే. ఆయనకు పన్నెండేళ్ళుగా గ్యాసు.

గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఈసారి ఫలితం తేలకపోతే పరిశోధన మూసేస్తామని పెద్ద డాక్టరు ముఖం మీదే చెప్పారు.

తూచి చూస్తే ఎర్రతాళ్ళూ నీలితాళ్ళూ ఒకే బరువు. పెంటికలూ ఒకే తీరు. కాటా చెడిందేమోనని తానే ఎక్కి చూసుకుంది. అది నిజమే చెప్పింది, ఆ నిజంలోనూ ఊరటేమీ లేదు. ఇక అనుమానం షెడ్డు కాపరి మీదికి మళ్ళింది.

"నీలితాళ్ళకి కూడా పొడి పెట్టావా?"

"పొడి ముట్టలేదమ్మా. కాకపోతే వాటి కళ్ళముందే వీటికి ప్రత్యేకంగా పెడుతుంటే మనసొప్పలేదు. అందుకని వారానికోసారి తాళ్ళు మార్చి కట్టా. ఎవరికీ అన్యాయం జరగలేదు."

ఆమె అక్కడే గడ్డిమోపు మీద కూలబడింది. ఏడుపు వచ్చేదే, కానీ దానికంటే ముందు ఒక సందేహం వచ్చింది. అలాగైతే పన్నెండూ సగం సగం పొడి తిన్నట్టేగా? మరి మొదటికంటే ఒక్కదానికైనా గుణం కనిపించాలి కదా. పొడే పాడైందేమో. షెడ్డులో ఫ్రిజ్ లేక డబ్బాను ఇంట్లో ఉంచి, రోజూ పొట్లం కట్టి తెచ్చుకుంటోంది. వెంటనే మామగారికి ఫోన్ చేసి డబ్బా తెమ్మంది.

పది నిమిషాల దారికి ఆయన గంట తీసుకున్నారు. డబ్బాను గుండెలకు హత్తుకుని వచ్చారు.

"పరీక్షలూ అవీ ఎందుకమ్మాయ్? ఎండకి పాడయ్యుంటుంది, పారేద్దాం."

"ఇలా ఇవ్వండి మావయ్యగారూ."

కాపరి చిటికెడు నాలుక మీద వేసుకుని, "గోధుమపిండమ్మా," అన్నాడు. సరిగ్గా అప్పుడే పెద్ద డాక్టరు లోపలికి వచ్చారు.

మామగారు తలదించుకున్నారు. "ఎదిగే పిల్లలకి పనిచేసేది ఎదిగినవాడికి పనిచేయదా అనుకున్నా. రోజూ తీస్తే నీకు తెలిసిపోతుందని మొదటి వారంలోనే అంతా నా సీసాలోకి ఒంపుకుని, డబ్బాలో పిండి పోశా."

కోడలికి ఒళ్ళు మండిపోయింది. మూడు నెలల చాకిరీ ఈయన పొట్టలో కరిగిపోయింది. ఏదో గట్టిగా అనబోయింది గానీ, నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"ఎన్నో రోజున తేడా తెలిసింది?"

"పదకొండో రోజున," అంటూ మామగారు జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. కోడలు గీసే గడులు చూసి అచ్చంగా అలాగే గీసుకున్నారు. వేళ, గట్టితనం, గాలి. ఒక్కరోజు కూడా ఖాళీ లేదు.

పెద్ద డాక్టరు పుస్తకమంతా తిరగేశారు. "నా దగ్గర చదివినవాళ్ళెవరూ ఇంత శ్రద్ధగా రాయలేదు. కానీ ఒక్క మామగారితో పరిశోధన అవదమ్మా. పొడిలో ఏదో ఉన్నట్టే ఉంది, పిల్లల మీద మళ్ళీ మొదలుపెట్టు. ఇంకో మూడు నెలలిస్తాను." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, మామగారి చెవి దగ్గర గొంతు తగ్గించారు. "సీసాలో ఇంకేమైనా మిగిలిందా?"

"నిన్నటితో అయిపోయిందండీ."

మర్నాడు కొత్త పొడి వచ్చింది. గొర్రెపిల్లల వీపుల మీద చెరగని రంగు పడింది, ఫ్రిజ్‌కు తాళం పడింది.

నాలుగో రోజున మామగారి కడుపు మళ్ళీ ఉబ్బింది, కోడలు ఆ తేదీని చాలా జాగ్రత్తగా రాసుకుంది.