ఉలవచేలో పది గజాల గీతలు

గీత లేనిదే ప్రభుత్వం లేదు. వాన లేకపోయినా ప్రభుత్వం నడుస్తుంది, పంట లేకపోయినా నడుస్తుంది, ప్రజలు లేకపోతే మరింత సాఫీగా నడుస్తుంది. గీత లేకపోతే మాత్రం ఒక్క పూట నడవదు. రెవెన్యూ కొలువులో ఉప్పు తిన్న ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. తెలియనిదల్లా పాకాల దాపున ఒక పల్లెలో ఎకరన్నర మెట్టచేను తప్ప మరో ఆధారం లేని మునిరత్నమ్మకే. ఆమె దృష్టిలో గీత అంటే ముగ్గు. పొద్దున వేస్తాము, మరునాటి పొద్దున కల్లాపి చల్లి మళ్ళీ వేస్తాము, అంతే. ఇంత చిన్న అజ్ఞానానికి ఎంత పెద్ద ఫలితం దక్కిందో చెప్పడమే ఈ కథ పని.

అది 1944, యుద్ధం ఇంకా సాగుతున్న కాలం. కార్తికంలో తుపాను వచ్చి రైలుకట్ట తెగింది. ఎక్కడికో పోతున్న అమెరికా సిపాయిల రైలు ఒకటి పాకాల జంక్షన్లో ఆగిపోయింది. కట్ట పూడ్చేదాకా వాళ్ళకు చేయడానికి పని లేదు. దానికి తోడు వాళ్ళ దేశపు పండుగ ఒకటి నెత్తిమీదికి వచ్చింది. ఆ పండుగనాడు పెద్ద కోడిని తినడం, బంతాట ఆడడం వాళ్ళ ఆచారమట. కోడి సంగతి వాళ్ళే చూసుకున్నారు. (చుట్టుపక్కల పల్లెల్లో ఆ వారం తెల్లవారినట్టు ఎవరికీ తెలియలేదు.) ఆటకు మాత్రం గీతలు గీసిన చదునైన నేల కావాలని వాళ్ళ కెప్టెన్ తాలూకా కచేరీకి కబురు పెట్టాడు.

తహసీల్దారు బాలసుబ్రమణ్యం ఆ కబురులో మిగతా మాటలు విన్నాడో లేదో గానీ, ‘గీతలు’ అన్న మాట దగ్గర నిటారుగా కూర్చున్నాడు. చెనక్కాయలు పీకేసి ఊరికే పడి ఉన్న మునిరత్నమ్మ చేను యుద్ధ అవసరాల కింద ఒక్కరోజుకు సర్కారు స్వాధీనమైంది. ఆ మాట చెప్పడానికి కరణం పరంధామయ్య స్వయంగా ఆమె గుమ్మం దాకా వచ్చాడు. మునిరత్నమ్మ పెద్దగా బాధపడలేదు. ఒక్కరోజే కదా. నేల పదును ఇంకా వారం దాకా ఉంటుంది. ఆట కాగానే దున్ని ఉలవలు చల్లుకోవచ్చు. ఉలవలు పండితే తనకూ, అత్త గంగులమ్మకూ ఏడాది గడుస్తుంది. పండకపోతే ఒకరి చేలో కూలికి పోవాలి.

గీతలు ఎవరు గీయాలన్న ప్రశ్న తర్వాత వచ్చింది. తలారి మునెయ్య ఒకటి గీసి చూపించాడు. అది పాము పాకినట్టు వచ్చింది. అప్పుడు కరణానికి మునిరత్నమ్మ ముగ్గు గుర్తుకొచ్చింది. దారం పట్టకుండా వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి గీత లాగగలదని ఊళ్ళో ఆమెకు పేరు. రెండు గంపల సున్నం తెప్పించి ఆమె ముందు పెట్టారు. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని, ముందు చేను చుట్టూ పెద్ద చట్రం వేసింది. ఆపైన అడ్డంగా అయిదు గజాలకొక గీత లాగింది. నడుమ వరుసగా చిన్న చిన్న అడ్డగీతలు పెట్టింది. అవి ఎందుకని ఆమె అడగలేదు, అడిగినా చెప్పేవాళ్ళు లేరు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పని ముగిసింది. కెప్టెన్ వచ్చి చూసి టోపీ తీశాడు. జన్మలో ఆమెకు టోపీ తీసిన మనిషి అతనొక్కడే. ఆ పూట ఆమెకు కలిగిన గర్వం నిజమైనది. దాన్ని ఎగతాళి చేయడానికి నాకు మనసొప్పదు.

ఇక ఆట. దాన్ని బంతాట అనడం మర్యాదకే. బంతి గుండ్రంగా లేదు, కాలితో తన్నేదీ తక్కువే. ఒకడు దాన్ని చంకలో పెట్టుకుని పరిగెత్తుతాడు, మిగతావాళ్ళందరూ వాడిమీద పడతారు. ఆపైన అందరూ లేచి, దుమ్ము దులుపుకుని, వాడు ఎంత దెబ్బ తిన్నాడని కాదు, ఏ గీత దగ్గర పడ్డాడని చూస్తారు. బంతి చేతికొచ్చిన పక్షానికి నాలుగు విడతలు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరిగితే ఇంకో నాలుగు విడతలు దక్కుతాయి. జరగకపోతే బంతి అవతలివాళ్ళకు పోతుంది. పక్కగీత దాటాడా, ఆట ఆగుతుంది. బంతిని తెచ్చి నడుమనున్న చిన్నగీతల దగ్గర పెడతారు. సైగ రాకముందే ఎవడైనా కదిలాడా, వాడి పక్షం అయిదు గజాలు వెనక్కి. చిట్టచివరి గీత దాటితేనే ఫలం. దానికి ఒక్క అంగుళం ఇవతల పడ్డవాడు ఇంట్లో నిద్రపోయినవాడితో సమానం.

కెప్టెన్ వివరిస్తూ ఉంటే తహసీల్దారు కుర్చీ ముందుకు జరుపుకుని విన్నాడు. పది గజాలు నిండాయో లేదో తేలనప్పుడు గొలుసు పట్టి కొలవాలట. సిపాయిల గొలుసు ఏ పెట్టెలో ఉందో దొరకలేదు. కరణం తన సర్వే గొలుసు ఇచ్చాడు. పది గజాల దగ్గర ఎర్రగుడ్డ కట్టి, ఒక కొస మునెయ్య పట్టుకున్నాడు. రెండు పక్షాలూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాయి. గొలుసు లాగారు. జానెడు తక్కువ వచ్చింది. అంతసేపు పడి లేచి నెత్తురు కార్చుకున్న పక్షం నోరెత్తకుండా బంతి అప్పజెప్పి వెళ్ళిపోయింది. తహసీల్దారు కళ్ళు చెమ్మగిల్లాయి.

“ఇది ఆట కాదు పరంధామయ్యా,” అన్నాడు. “ఇది పరిపాలన.”

రెండు రోజులకు కట్ట పూడింది, రైలు పోయింది. మునిరత్నమ్మ బాడుగ ఎద్దులు తోలుకుని చేనికి వచ్చేసరికి మునెయ్య గట్టుమీద కర్ర అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. కరణాన్ని అడగమన్నాడు. ఆమె కరణం ఇంటికి పోయింది.

“సామీ, ఆట అయిపోయె గదా. సేను దున్నుకుంటా.”

“ఎట్ల దున్నుతావమ్మా? ఆడ గీతలుండాయి. సర్కారు కోసం గీసినవి, సర్కారు గొలుసుతో కొలిసినవి. సర్వే గుర్తు సెరిపితే శిక్ష ఉండాది.”

“గీసింది నేనే గదా సామీ.”

“అందుకే నీకు ఇంకా బాగా తెలియాల.”

పరంధామయ్య చెడ్డవాడు కాడు. (చెడ్డవాడైతే చేతిలో ఏదో పెట్టి పని జరిపించుకోవచ్చు.) సున్నమూ గొలుసూ ఒకే నేలమీదికి వచ్చి హద్దు కాకుండా పోయిన ఉదంతం ఆయన తాతల నాటి నుంచి లేదు. కనుక అవి హద్దులే. గీయమని కోరిన కెప్టెన్ వద్దంటే తప్ప వాటిని తీయడానికి లేదు. కెప్టెన్ ఎక్కడున్నాడో యుద్ధ రహస్యం. అడగడమే నేరం. కనుక అర్జీ పెట్టుకోమన్నాడు.

అర్జీ పెట్టుకుంది. మొదటి విడతలో అది కరణం ఇంటి అరుగు నుంచి కచేరీ గుమ్మం దాకా పోయి పడింది. రెండో విడతలో గుమాస్తా బల్ల దాకా పోయింది, అక్కడ దానిమీద పదిమంది పడ్డారు. మూడో విడతలో పక్కగీత దాటి అటవీశాఖకు పోతే, పట్టి తెచ్చి మళ్ళీ నడుమ పెట్టారు. నాలుగో విడతలో తహసీల్దారు బల్ల దాకా వచ్చింది గానీ ఆయన క్యాంపులో ఉన్నాడు. నాలుగూ అయిపోయాయి కాబట్టి అర్జీ నియమం ప్రకారం అవతలి పక్షానికి, అంటే మదరాసులోని మిలిటరీవాళ్ళకు పోయింది. వాళ్ళు దాన్ని పట్టుకుని ఎటు పరిగెత్తారో తెలియదు. ఆమె రెండో అర్జీ పెట్టుకుంది.

ఇంతలో నేల పదును ఆరిపోతోంది. మునిరత్నమ్మకు నిద్ర పట్టలేదు. ఒక పొద్దున గీతలు తొక్కకుండా, చేను మూలన ఒక్క చారెడు ఉలవలు చల్లింది. మునెయ్య చూశాడు, కరణానికి చెప్పాడు, కరణం కచేరీకి చెప్పాడు. సైగ రాకముందే కదిలిన కారణంగా ఆమె రెండో అర్జీని వెనక్కి జరిపి మళ్ళీ కరణం అరుగుమీద పెట్టారు. మొలిచిన మొక్కలను సర్కారు కొలువులో ఉన్న మునెయ్య ఆవు మేసింది.

ఆపైన వాన వచ్చి గీతలన్నీ కొట్టుకుపోయాయి. మునిరత్నమ్మ వానలో నిలబడి చూసింది. వరుణదేవుడికి అర్జీ అక్కరలేదు కదా అనుకుని, ఇంటికొచ్చి అత్తకు చెప్పి నవ్వింది. ఆ నవ్వు సాయంత్రం దాకా నిలవలేదు. చేనిలోని సర్వే గుర్తులను కాపాడే బాధ్యత చేను గల ఆసామిదేనని కచేరీ నుంచి తాకీదు వచ్చింది. వానకు చెరిగితే వానను పిలిచి అడగలేరు కాబట్టి ఆసామినే అడుగుతారు. అధికారులు ఎప్పుడు తనిఖీకి వస్తారో చెప్పలేము కాబట్టి, గీతలు ప్రతి ఉదయం కొత్తగా ఉండాలి. సున్నం కచేరీ ఇస్తుంది. తలారి కాపలా కాస్తాడు.

అప్పటినుంచి ఆమె తెల్లవారుజామున ఇంటి ముందు ముగ్గు వేసి, చేనికి పోయి అమెరికా గీతలు వేసి, ఆపైన పొరుగువాళ్ళ చేలో కూలికి పోయేది. కూలికి పోయిన చోట ఉలవలు చల్లేది. ఇంట్లో మాత్రం ఉలవచారు వాసన పోయింది. గంగులమ్మ పళ్ళు లేని నోటితో సంగటి ముద్ద గుటకవేసి, కోడలి అరచేతుల కేసి చూసింది. సున్నానికి అవి పగిలి ఉన్నాయి.

“నీ సెయ్యి వంకరదైనా బాగుండునే మే,” అంది.

మునిరత్నమ్మకు కోపం వచ్చింది. అత్తమీద కాదు, కెప్టెన్‌మీద కాదు, టోపీ తీసిన పూట తనకు కలిగిన ఆ సంతోషంమీద.

యుద్ధం ముగిసింది. ఆమె పోయి కరణాన్ని అడిగింది. యుద్ధం ముగిసిందన్నాడే గానీ ఆట ముగిసిందనలేదు. ఈల వేయవలసిన వాడు వేయలేదు. ఆ తర్వాత 1947 ఆగస్టు వచ్చింది. పాకాల స్టేషన్లో జెండా ఎగిరింది, మిఠాయి పంచారు. తెల్లవాళ్ళు పోయారని, వాళ్ళు పెట్టినవన్నీ పోతాయని ఎవరో ఉపన్యాసంలో అన్నారు. మునిరత్నమ్మ ఆ మాట ఒక్కటి పట్టుకుని, సున్నం గంప చేత్తోనే కచేరీకి నడిచింది. కుర్చీలో బాలసుబ్రమణ్యమే ఉన్నాడు. నెత్తిన టోపీ మాత్రం తెల్లది, కొత్తది. ఆమె వస్తున్నట్టు తెలిసి కరణం కూడా వచ్చి నిలబడ్డాడు.

“దొరా, తెల్లోళ్ళు పోయినారంట గదా. ఇంక నా సేను నాకియ్యండి,” అంది. “ఈ కార్తికానికన్నా ఉలవలు సల్లుకుంటా. మా అత్త ఇంకో ఏడు ఉంటాదో ఉండదో.”

తహసీల్దారు ఆ మాటకు నిజంగా నొచ్చుకున్నాడు. ఆమెను కూర్చోమని కూడా అన్నాడు. (కుర్చీ లేదు గానీ అనడం అన్నాడు.) తర్వాత మెల్లగా, చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

“ఆ ఆట నువ్వూ చూసినావు గదమ్మా. సగం కాగానే ఏం చేసినారు? రెండు పక్షాలూ దిక్కులు మార్చుకున్నాయి. ఈ కొసనున్నోళ్ళు ఆ కొసకు పోయినారు. గీతలు ఎవరన్నా మార్చినారా?”

మునిరత్నమ్మ గుర్తు చేసుకుంది. మార్చలేదు.

అయినా స్వరాజ్యం వచ్చిన శుభవేళ వట్టిచేతులతో పంపకూడదని, ఆయన అక్కడికక్కడే కొత్త ప్రభుత్వం పేర ఒక ఉత్తరువు రాయించాడు. కరణం దాన్ని గట్టిగా చదివాడు. దాని ప్రకారం నేటి నుంచి తలారి కాపలా రద్దు. సదరు మునిరత్నమ్మ ఇకమీదట ఎవరి అజమాయిషీ లేకుండా, స్వేచ్ఛగా, తన గీతలు తానే గీసుకోవచ్చు. చదవడం అయ్యాక వేలిముద్ర వేయమన్నారు. ఆమె వేలు చాచింది. వేలినిండా సున్నం ఉంది, సిరా పట్టలేదు. ఆ చేత్తో స్వేచ్ఛ పుచ్చుకుంటే చెల్లదని, పోయి కడుక్కుని రమ్మన్నారు.