అంచున ఎవరు నిలబడాలి?

ఆ ఆదివారం ఉదయం రాఘవేంద్రప్రసాద్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికి ప్రొద్దుటూరులో బండి తియ్యాలి. ఎనిమిదికల్లా జమ్మలమడుగులో కమాల్ బాషా దగ్గర లెన్సు తీసుకోవాలి. ముద్దనూరు మీదుగా పదిన్నరకు పులివెందుల చేరి, ఒక్క ఫొటో తీసి, ఒంటిగంటకు విస్తరి ముందు కూర్చోవాలి. పదేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్న మనిషికి ఒక్క ఫొటో ఏపాటి? అయినా ఆ ఒక్క ఫొటో తలుచుకునే నాలుగు రోజులుగా అతనికి అన్నం సహించడం లేదు.

భార్య మేఘన గుమ్మంలోనే పట్టుకుంది.

"చూడప్పా, ఈసారి ఎవరి చెయ్యన్నా, కాలన్నా, ఆఖరికి చెవికమ్మన్నా తెగిందనుకో, నువ్వు ఇంటికి రావద్దు. జమ్మలమడుగులోనే యాడన్నా రూము చూసుకో."

"తెగదులే."

"పోయినసారి గూడా ఇట్లే అంటివి."

పోయినసారి అంటే తొమ్మిదేళ్ల కిందట. మేఘన తండ్రి రామకృష్ణయ్య ప్రొద్దుటూరులో కొత్త నగల దుకాణం తెరిచిన రోజు. కొత్త అల్లుడు కదా, చేతిలో కెమెరా ఉంది కదా అని కుటుంబం ఫొటో రాఘవేంద్రకే అప్పగించారు. అందరూ లక్షణంగా పడ్డారు, చివర నిలబడిన ఆండాళ్ తప్ప. ఆండాళ్ ఎవరో కాదు, రామకృష్ణయ్య తమ్ముడు వరదరాజులు భార్య. ఫొటోలో ఆమెకు తల లేదు, నడుము లేదు. పక్కామె భుజం మీద వేసిన చెయ్యి మాత్రం, అరడజను గాజులతో సహా మిగిలింది. రామకృష్ణయ్య సరిగ్గా చూసుకోకుండా దాన్నే నాలుగడుగులకు పెంచి గల్లాపెట్టె పైన తగిలించాడు.

ఇక వచ్చినవాళ్లందరూ ముందు "ఈ చెయ్యి ఎవురిది శెట్టీ?" అని అడగడం, తర్వాత బంగారం సంగతి ఎత్తడం. పులివెందులలో బట్టల దుకాణం నడిపే వరదరాజులు ఒకరోజు అక్కడ ఉండగానే ఎవరో ఆ ప్రశ్న వేశారు. "మీ ఇంటికి నా పెండ్లాం చెయ్యి చాలా అన్నా? తల అక్కర్లేదా?" అని అతను చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఫొటో తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని అన్న తియ్యలేదు. అది గోడ దిగితేగాని గడప తొక్కనని తమ్ముడు రాలేదు. మధ్యలో నలిగింది తల్లి రమణమ్మ. చిన్న కొడుకు దగ్గరే ఉంటున్న ఆ పెద్దావిడకు ఈ ఆదివారంతో ఎనభై నిండుతాయి.

"నాకు చీరె వద్దు, గొలుసు వద్దు. మీరిద్దురూ పెండ్లాం బిడ్డల్తో నా పక్కన నిలబడి ఒక ఫొటో తీపిచ్చుకోండి. అదీ మన పడసాలలో, దేవుని గూటి ముందర. కాదంటే నన్ను ఫొటో కట్టినాక ఇద్దురూ దండేద్దురుగాని పోండి," అని ఆవిడ ఇద్దరికీ చెప్పి పంపింది. అంత మాట అన్నాక ఇద్దరూ సరేనన్నారు. రాఘవేంద్రకు మాత్రం అందులో తన తలరాతే కనిపించింది. ఆ కుటుంబాన్ని చీల్చింది తన కెమెరా. ఇప్పుడు అతికించాల్సిందీ అదే.

జమ్మలమడుగులో పెళ్లిళ్లకు ఫొటోలు తీసే కమాల్ బాషా అప్పటికే రెండు లెన్సులను బల్ల మీద గుడ్డ పరిచి పెట్టాడు.

"ఎంతమందన్నా?"

"ముప్పై."

"వెనక్కి జరిగేదానికి జాగా?"

"పన్నెండడుగులు. ఆ తర్వాత గోడే."

"అట్లయితే ఈ పదహారు నెంబరుది చాలు. రెండు వరసల్లో పెట్టు, అందురూ పడతారు."

"ఒకరు పడకపోతే?"

"పడతారన్నా."

"పడకపోతే బాషా? ఒక్కరు పడకపోతే?"

కమాల్ బాషా అతని ముఖం చూసి జాలిపడి రెండో లెన్సు చేతికిచ్చాడు. ముందుభాగం గుడ్డు మాదిరి ఉబ్బి ఉంది. "ఇది పన్నెండు నెంబరు. నెంబరు తగ్గేకొద్దీ దీనికి ఆశ ఎక్కువ. ముందరుండేదే గాదు, పక్కనుండేది గూడా మింగుతాది. అయితే ఒక గుణముంది. మధ్యలో వాళ్లను కుదిస్తాది, అంచులో వాళ్లను అడ్డంగా సాగదీస్తాది. అంచులో గోడ పెట్టు, తలుపు పెట్టు, పూలకుండీ పెట్టు. మనిషిని మాత్రం పెట్టొద్దు. మైలవరంలో ఒక పెండ్లిలో పెండ్లికొడుకు మేనమామను పెట్టినా. ఆయప్ప ఇప్పటికీ నేను కనపడితే రోడ్డుకు ఆ పక్కకు పోతాడు."

రాఘవేంద్ర లెక్క వేసుకున్నాడు. ముప్పైమంది మధ్యలోనే సర్దుకుంటారు. అంచుల్లో గోడలే మిగులుతాయి. ఎవరూ తెగరు, ఎవరూ సాగరు. లెక్కలో ఏ తప్పూ లేదు. పన్నెండు నెంబరు లెన్సు సంచిలో పెట్టుకుని, సంతోషం పట్టలేక, తల్లిదండ్రులతో కారులో పులివెందుల పోతున్న మేఘనకు ఫోన్ చేశాడు.

"దొరికింది! ఎంతమందైనా పడతారు. నువ్వు ఇంక నిశ్చింతగా ఉండు."

కొంప ముంచింది ఆ మాటే. మేఘన దాన్ని పక్కన కూర్చున్న తల్లి సుశీలమ్మకు చెప్పింది. సుశీలమ్మ మైలవరంలో ఉన్న చెల్లెలికి చెప్పింది. చెల్లెలు ఎవరెవరికి చెప్పిందో ఆమెకే గుర్తు లేదు. రాఘవేంద్ర ముద్దనూరు దాటుతుండగా ఫోన్ మోగింది.

"ఏమప్పా, మైలవరం పిన్నమ్మోళ్లు పదైదు మంది వస్తాండారంట. పడతారు గదా?"

"పడతారులే," అన్నాడు. అంతవరకు నిజమే.

పులివెందుల పొలిమేరలో మళ్లీ మోగింది. "చక్రాయపేట నుంచి మా తాత అన్న కూతుర్లు, అల్లుండ్లు, వియ్యపోళ్లు... రెండు వ్యాన్లు మాట్లాడుకున్న్యారంట. అవ్వ వద్దనొద్దంటాంది. పడతారా?"

పడరు అంటే ఎవరిని వద్దనాలి? వద్దన్న ప్రతి ఒక్కరితో తొమ్మిదేసి ఏళ్లు! రాఘవేంద్ర బండి పక్కకు ఆపి, గుండె రాయి చేసుకుని, "పడతారు," అన్నాడు.

వరదరాజులు ఇంటి ముందు చెప్పులు చూసే అతనికి నీరసం వచ్చింది. లోపల లెక్కపెడితే ఎనభై ఆరుమంది. పడసాల ఒక కొసన బీరువా ఉంది. రెండో కొస నుంచి ఆ బీరువా దాకా మనుషుల్ని పేర్చాల్సిందే. తీరా నిలబడమంటే అంచుకు ఒక్కరూ రారు. చెయ్యి కథ తెలియనివాళ్లు ఆ వంశంలో లేరు మరి.

"అంచులోనా? నేను రానప్పా. నా తల నాకు కావాల," అంది మైలవరం పిన్నమ్మ.

"నా మాట ఎత్తనే ఎత్తొద్దండి," అంటూ ఆండాళ్ అత్తగారి కుర్చీని రెండు చేతులా పట్టుకుంది. చక్రాయపేట వాళ్లు సరాసరి వెళ్లి నట్టనడుమ బైఠాయించారు. తల్లికి చెరో పక్కన నిలబడిన అన్నదమ్ములిద్దరూ, ఒకరు కిటికీని, ఒకరు ఫ్యానును చూస్తున్నారు. రమణమ్మ విసనకర్ర విసురుకుంటూ, "ఒరే, నాకు ఎనభై ఒకటి వచ్చే లోపల తియ్యండిరా," అంది.

అప్పుడు వెనక వరసలోంచి సుశీలమ్మ కదిలింది. మెడ నిండా నగలతో, నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లి ఖాళీ అంచులో నిలబడింది. "ఆపొద్దు ఆండాళు నిలబడింది. ఈపొద్దు నేను నిలబడతా. పోతే నా తలే పోనీ," అంది. ఆండాళ్ తల తిప్పి తోడికోడలిని చూసింది. తొమ్మిదేళ్లలో అలా చూడటం అదే మొదటిసారి.

రాఘవేంద్రకు మాత్రం చెమటలు పట్టాయి. "వద్దత్తా, నువ్వు ఈడికి రా..."

"ఏం, నన్ను గూడా కోస్తావా?"

"కొయ్యనత్తా!"

ఆ మాట నిజమే. కొయ్యడు. జరగబోయేది ఇంకొకటి. అది బయటికి చెబితే అంచు మళ్లీ ఖాళీ అవుతుంది, ఫొటో ఆగిపోతుంది, ముసలావిడ కోరిక గాలిలో కలుస్తుంది. అతను స్టూలెక్కి, వీపు గోడకు ఆనించి, మనసులో అత్తగారికి దండం పెట్టుకుని బటను నొక్కాడు.

ఇంట్లో పెద్ద టీవీ ఉండటం అతని ఖర్మ. "ఈసారి చూసినాకే భోజనం," అని వరదరాజులు తానే వైరు తగిలించాడు. ఫొటో తెర మీద పడగానే కేకలు. అందరూ ఉన్నారు! తలలు, చేతులు, చెవికమ్మలు, అన్నీ ఉన్నాయి. రామకృష్ణయ్య లేచి వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఎనభై రెండు, ఎనభై మూడు... ఎనభై ఆరు దగ్గర వేలు ఆగిపోయింది.

"అల్లుడూ, ఈ చివర నిలబడింది ఎవురు?"

"అత్త, మామా."

"మీ అత్తా?"

తెర మీద సుశీలమ్మ రోటికి చీర కట్టినట్టు ఉంది. ముఖం ఈ చెవి నుంచి ఆ చెవికి సాగి, భుజాలు ఎటువైపువి అటే పరుగెత్తాయి. రామకృష్ణయ్య ముఖం ఎర్రబడింది.

"ఏమయ్యా! అప్పుడేమో నా తమ్ముని పెండ్లాన్ని సగం జేసినావు. ఇప్పుడు నా పెండ్లాన్ని రెండింతలు జేసినావు. మా ఇంటి ఆడోళ్లను ఉన్నది ఉన్నట్టు తీసేది నీకు చాతనే గాదా? మేఘనా, కారు తాళాలు యాడుండాయి? పోదాం పాండి!"

సుశీలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. రమణమ్మ చేతిలో విసనకర్ర ఆగింది. అయిపోయింది, ఇంకో తొమ్మిదేళ్లు అనుకున్నాడు రాఘవేంద్ర. పెద్దావిడకు అప్పటికి ఎనభై తొమ్మిది వస్తాయి.

కిసుక్కుమని నవ్వు వినిపించింది. ఆండాళ్! చీర కొంగు నోట్లో కుక్కుకుంది, ఆగలేదు. కుర్చీ వదిలేసి టీవీ దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఏడవద్దు. అప్పుడు నేను అర, ఇప్పుడు నువ్వు రెండు. కూడితే రెండున్నర. ఇద్దురం సమానంగా పంచుకుంటే మనిషికి ఒకటింబాతిక. ఇంటికి పావు లాభమే గదా!"

వ్యాపారుల ఇంట్లో లాభం మాట వింటే ఎంత కోపంలో ఉన్నవాడైనా ఒక్క క్షణం ఆగుతాడు. రామకృష్ణయ్య ఆగి మనసులో కూడి, భాగించి చూసుకున్నాడు. లెక్క సరిగానే ఉంది. ముందు వరదరాజులు పగలబడి నవ్వాడు, తర్వాత పెద్దాయన మీసాలు కదిలాయి. ఆ నవ్వులోనే ఆయన తమ్ముని వైపు తిరిగి, "ఒరే రాజులూ, ఆ ఫొటోను నేను ఆపొద్దే తీసెయ్యాల్సిందిరా. ఎచ్చులకు పోయినా," అన్నాడు. తమ్ముడు వచ్చి మేఘన చేతిలో నుంచి కారు తాళాలు తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

అక్కడితో కథ ముగిస్తే బాగుండేది. ఆండాళ్ ఇంకా తెర దగ్గరే ఉంది. నవ్వు ఆపి కళ్లు చిన్నవి చేసి చూస్తోంది.

"అక్కా, ఈ కాసులపేరు ఎప్పుడు చేపిచ్చినావు? ఒక్కో కాసు అప్పచ్చంత ఉండాదే!"

ఆడవాళ్లందరూ తెర మీద పడ్డారు. నిజమే. సుశీలమ్మ కాసులపేరు పళ్లెమంత అయింది, వంకీ కవచమంత అయింది. నడుమ బైఠాయించిన చక్రాయపేట వాళ్ల హారాలు మాత్రం సన్నటి దారాల్లా ఉన్నాయి. సుశీలమ్మ కళ్లు తుడుచుకుని, తల అటూ ఇటూ వంచి తనను తాను చూసుకుంది. "ముఖం సంగతి ఇడ్సిపెట్టు. నగలు మాత్రం శానా బాగా పడినాయి," అని ఒప్పుకుంది.

"రాఘవా, ఇంకొకటి తియ్యి. ఈసారి అంచు నాది," అంది ఆండాళ్.

"అదెట్ల కుదురుతాది? ఆ జాగా నాది!"

"ముందునుంచి అంచు నాదేనక్కా. కావాలంటే మీ దుకాణంలో గోడనడుగు!"

గది గదంతా లేచింది. ఇందాక మధ్య నుంచి లాగినా రాని పిన్నమ్మ ఇప్పుడు మోచేతులతో అంచుకు దారి చేసుకుంటోంది. రెండో అంచు కోసం నలుగురు అల్లుళ్లు కలిసి బీరువాను పెరట్లోకి మోసేశారు. చివరికి తోడికోడళ్లిద్దరినీ ఒకే అంచులో, చెంపకు చెంప ఆనించి నిలబెట్టాల్సి వచ్చింది. రెండో అంచును అన్నదమ్ములు పట్టుకున్నారు, మీసాలు సాగుతాయన్న ఆశతో. చక్రాయపేట వాళ్లు భోజనానికని చేతులు కడుక్కుని వచ్చేసరికి రమణమ్మ కుర్చీ చుట్టూ తప్ప జాగా లేదు. బటను నొక్కేటప్పుడు ముసలావిడ నవ్వుతోంది. ఆ నవ్వు ఒక్కటీ లెన్సు సాగదీసింది కాదు.

తొమ్మిదేళ్ల చెయ్యి గోడ దిగింది. కొత్త ఫొటో ప్రొద్దుటూరు దుకాణంలో ఒకటి, పులివెందుల దుకాణంలో ఒకటి వెలసింది. రెండిళ్ల మధ్య కారు వారానికి రెండుసార్లు తిరుగుతోంది. ఒక్క చక్రాయపేట వాళ్లతోనే మాటల్లేవు. రెండు వ్యాన్లు మాట్లాడుకుని అంత దూరం నుంచి వస్తే, కావాలనే తమను మధ్యలో నిలబెట్టారట.