ఆరో భాగం ఎవరెత్తుకపోయిన్రు?

"ఈ గోదావరిఖనిల బొగ్గు కన్న లోతుగ పోయేది ఒక్కటే ఉన్నది ముత్యమన్నా. నా బుర్ర!"

యిర్మియా ఈ ప్రకటన చేసి టీ గ్లాసు ఠంగున బల్ల మీద పెట్టాడు. ముత్యానికి కొత్తగా ఏమీ అనిపించలేదు. గనిలో పంపు నడిపి నీళ్ళు తోడడం అతని డ్యూటీ. పైకొచ్చాక యిర్మియా మాటలు వినడం ఓవర్‌టైము, అదీ జీతం లేకుండా.

యిర్మియా అదే గని ఆఫీసులో హాజరు గుమాస్తా. భూతద్దం ఒకటి కొని మెడలో వేసుకున్నప్పటి నుంచి తనను తాను డిటెక్టివ్ అనుకుంటున్నాడు. ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటే: క్వార్టర్ల దగ్గర మాయమైన ఎడమకాలి చెప్పు. అది కూడా ఎత్తుకుపోయిన కుక్కే విసుగుపుట్టి తెచ్చిచ్చింది.

ఈసారి కేసు మాత్రం నిజంగానే పెద్దది. కనీసం ఆ వరండాలో చేరే ఐదుగురికి.

సుగుణమణి టీచరమ్మ రిటైరయ్యాక ప్రతి ఆదివారం సాయంత్రం ఆమె వరండాలో పుస్తకాల ముచ్చట మొదలైంది. రెండేళ్ళుగా వాళ్ళు చదువుతున్నది ఒకే నవల, 'వెలుతురు తవ్వేవాళ్ళు'. ఆరు భాగాలు. సూర్యుడు లేని ఒక గ్రహం. అక్కడి జనం నేల లోపలి నుంచి వెలుతురును తవ్వి తెచ్చుకుని బతుకుతారు. గనుల ఊళ్ళో ఆ కథ పట్టకపోతే ఇంకెక్కడ పడుతుంది? ఒకరి తర్వాత ఒకరు చదవడం, ఆదివారం కూర్చుని ఎవరికేమనిపించిందో చెప్పుకోవడం, అవసరమైతే కొట్లాడుకోవడం.

"గంత పెద్ద సొరంగానికి ఒక్క దుంగ ఆసరా పెట్టలే! మన దగ్గరైతే గా గ్రహం మొత్తం బంద్ పెడుతుండె," అనేవాడు సదానందం. గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి రిటైరైన మనిషి. టీచరమ్మకు వర్ణనలు ఇష్టం. ముత్యానికి గుడ్డి సేనాని వజ్రనాభుడంటే ప్రాణం. ముత్యం భార్య అనసూర్యకు కథానాయిక తరళ సొంత చెల్లెలి లెక్క. యిర్మియా మాత్రం అన్నింటికీ "నేను ముందే ఊహించిన" అనేవాడు. మొదటి భాగంలో సగం దాటి అతను చదవలేదని అందరికీ తెలుసు. పాపమనుకుని ఎవరూ ఆ మాట అనేవారు కాదు.

ఐదో భాగం చివర సొరంగం కప్పు కూలింది. తరళ లోపలే ఉండిపోయింది. ఆ వారం వరండాలో ఎవరికీ బజ్జీలు సహించలేదు. ఆరో భాగం కోసం నెలల తరబడి ఎదురుచూశారు. చివరికి ఒక్క కాపీ దొరికింది. ముందు చదివే వంతు ముత్యానిది. అందరూ దాన్ని ముట్టుకుని చూసి, వరండా బల్ల మీద పెట్టి, టీ కోసం లోపలికి వెళ్ళి, ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకుని వచ్చేసరికి బల్ల ఖాళీ.

"ఎవ్వరు కదలొద్దు!" అని యిర్మియా గర్జించాడు. అప్పటికి ఎవరూ కదలడం లేదు. "ముందుగాల నాకు ఆధారం కావాలె."

"కార్డు ఇంట్ల ఉన్నది. జిరాక్సు తెమ్మంటవా?" అన్నాడు సదానందం.

యిర్మియా వినిపించుకోలేదు. టీచరమ్మ పౌడరు డబ్బా అడిగి తెచ్చి, వేలిముద్రల కోసం బల్లంతా చల్లి, వంగి ఊది, అదే పౌడరుకు తొమ్మిది తుమ్ములు తుమ్మాడు. ఆ తర్వాత భూతద్దం కింద ఒక నల్లటి మరక కనిపించింది.

"దొరికిండు! దొంగ చేతికి బొగ్గు అంటింది!"

"మనూళ్ళె బొగ్గు అంటని చెయ్యి ఎవలది యిర్మియా?" అంది టీచరమ్మ నెమ్మదిగా.

మర్నాడు యిర్మియా ముత్యం ఇంటికి అన్నానికొచ్చి, మాడిన పప్పు మారుమాట్లాడకుండా తిని, తన అనుమానం బయటపెట్టాడు. "సదానందం కాక! 'తరళ సస్తె గా పుస్తకాన్ని గోదాట్ల ఇసిరేస్త' అన్నడా లేదా? ప్రతి నేరం ఎనుక ఒక నోరుంటది ముత్యమన్నా!"

"కోపంల అన్నడు. నా పంపును గూడ రోజు తిడుత నేను. ఇసిరేసిన్నా?"

"చెల్లె, నువ్వు చెప్పు. కాక మీద నీకు డౌటు లేదా?"

అనసూర్య పప్పుగిన్నె అందుకుని, "నాకేం ఎర్క అన్నా," అంటూ వంటింట్లోకి పోయింది.

ఆ వారంలోనే సదానందం పేపరు చుట్టిన బరువైన పొట్లమొకటి చంకలో పెట్టుకుని మంచిర్యాల ఆటో ఎక్కాడు. ముత్యం వద్దు వద్దంటుండగానే యిర్మియా అతన్ని స్కూటరు వెనక ఎక్కించుకుని వెంబడించాడు. గోదావరి వంతెన మీద ఆటోకు అడ్డం తిప్పాడు.

"ఆట ముగిసింది కాకా! పొట్లం ఇయ్యి!"

"ఇయ్యనురా బాబు, నా బిడ్డకు తీస్కపోతున్న..."

గుంజులాటలో పేపరు చినిగింది. లోపల స్టీలు డబ్బా. మూత ఊడింది. సదానందం భార్య పొద్దున్నే లేచి కాల్చిన సర్వపిండి రొట్టెలు గాలిలో గుండ్రంగా తిరిగి, ఒకదాని వెనక ఒకటి గోదావరిలో పడ్డాయి. ముగ్గురూ వంతెన పిట్టగోడ మీద నుంచి తొంగి చూశారు.

సదానందం అరవలేదు. అరిచినా బాగుండేది. ఖాళీ డబ్బాకు మూతపెట్టి, "నన్ను దొంగోన్ని చేసిన్రు. ఇగ ఆదివారం నేను రాను," అని ఆటో ఎక్కాడు. ముత్యం ఆటో పోయిన వైపే చూశాడు. యిర్మియాను ఆపగలిగిన వాడు తనొక్కడే. ఆపలేదు. రెండేళ్ళ ఆదివారాలు కూడా ఆ నీళ్ళలోనే కొట్టుకుపోతున్నట్టు అనిపించింది.

టీచరమ్మ స్వయంగా వెళ్ళి బతిమాలితే సదానందం ఆదివారం వచ్చాడు. యిర్మియా క్షమాపణ చెప్పాలి, అదీ ఒప్పందం. యిర్మియా లేచి, భూతద్దం సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"క్షమించున్రి," అని మొదలుపెట్టాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. "నన్ను గాదు! మన మధ్యనే ఉన్న దొంగను క్షమించున్రి!"

"యిర్మియా!" అని ముత్యం అతని చొక్కా పట్టి లాగాడు.

"ఆగన్నా. సదానందం కాకకు తెలుసు, ఆరో భాగంల తరళ సస్తది. గది ఎవ్వరు చదవొద్దని మాయం జేసిండు. ఆమె సొరంగంలనే సచ్చిందని లోకం మొత్తానికి ఎర్కే. నేను ముందే ఊహించి..."

"సచ్చుడేంది!" అనసూర్య దిగ్గున లేచింది. "నోరు మంచిగ రాదా నీకు? వజ్రనాభుడు కప్పుకు ఈపు ఆనిచ్చి, ఆమెను బయటికి పంపి, తనే లోపల ఉండిపాయె గదా!"

"మధ్యల మాట్లాడకు చెల్లె, కేసు దారి తప్పుతది," అన్నాడు యిర్మియా. "ఇగ కాక ఏం జేసిండంటే..."

అతని మాట ఎవరూ వినడం లేదు. అనసూర్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తరళ బతికిందా?" సదానందం కుర్చీలోంచి సగం లేచాడు. ముఖం వెలిగిపోయింది.

"అనసూర్యా! కథ ముందే చెప్పేసినవా!" టీచరమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

ముత్యం యిర్మియా చొక్కా వదిలేశాడు. వజ్రనాభుడు పోయాడు. రెండేళ్ళు చెయ్యి పట్టుకుని నడిచినట్టు చదివిన మనిషి. ఆ చావు దగ్గరికి పేజీ పేజీ దాటుకుంటూ తనే చేరుకోవలసింది, ఎవరో ముందే అనేశారు.

"పుస్తకం నువ్వు తీసినవా?" అన్నాడు చివరికి.

"తీసిన. కొంగు కింద పెట్టుకొని పోయిన. బియ్యం డబ్బాల దాసి, నువ్వు డ్యూటీకి పోంగనే చదివిన. పప్పు మాడితె మాడె." అనసూర్య కొంగు నడుముకు బిగించింది. "టీచరమ్మా, ఐదు భాగాలాయె. ఒక్కటన్న నన్ను సక్కగ చదవనిచ్చిండా గీన? మంచం మీద పండుకొని చదువుకుంట 'ఓర్నీ, వీడు సచ్చెనే!' అంటడు. 'అమ్మో, దొంగ గీమెనా!' అంటడు. కథల ఎంతమంది సచ్చిన్రో అందరి సావులు నేను వంటింట్లనే ఇన్న. గీ ఒక్కటన్న నా అంతట నేను చదువుకుందమనుకున్న." సదానందం వైపు తిరిగింది. "కాకా, నీ మీదికి వస్తదనుకోలే. కాళ్ళు మొక్కుత."

"వద్దు బిడ్డా," అన్నాడు సదానందం. "తరళ బతికింది, సాలు. సర్వపిండి మళ్ళ కాల్చుకుంటం."

ముత్యం తల దించుకున్నాడు. ఒక్క మాట చెవిలో పడితే తనకింత కష్టంగా ఉంది. ఆమె ఐదు భాగాలు ఓర్చింది.

"మొత్తం అయిపోయిందా?" అని అడిగాడు భార్యను.

"ఆఖరి అధ్యాయం ఉన్నది. ఆదివారం తెచ్చి పెట్టేద్దామని సంచిల పట్టుకొచ్చిన."

"అయితె ఇక్కన్నే కూసొని చదువు. ఎవ్వరు మాట్లాడరు. నేనైతె అసలే మాట్లాడ."

అనసూర్య వరండా చివర మెట్టు మీద కూర్చుని పుస్తకం తెరిచింది. నలుగురూ టీ చల్లారబెట్టుకుంటూ ఆమె ముఖాన్నే చూస్తున్నారు. యిర్మియా మెల్లగా ముత్యం చెవి దగ్గరికి వంగాడు.

"కేసు పట్టుడైతె పట్టిన. ఒక్క ముచ్చట చెప్పన్నా. ఎట్ల పట్టిన?"

ముత్యానికి వినబడలేదు. పేజీ తిప్పిన అనసూర్య "అయ్యో!" అంది. ఆ వెంటనే నవ్వింది. కళ్ళు తుడుచుకుంది.

"ఏమైంది?" నలుగురూ ఒక్కసారే అడిగారు. అందరికన్నా గట్టిగా ముత్యం.

అనసూర్య పేజీలో వేలు పెట్టి తలెత్తింది.

"నేను చెప్ప," అంది.