వరదపాశం వారసుడు

శ్రీరంగప్పకు చక్కెర జబ్బు వచ్చిన రోజు డాక్టరు అన్నది ఒకే ఒక్క మాట: "తీపి తగ్గించండి." ఆ మాట శ్రీరంగప్ప చెవిలో సలహాలాగా పడింది. పక్కనే కూర్చున్న భార్య జ్యోతిలక్ష్మి చెవిలో మాత్రం కోర్టు తీర్పులాగా పడింది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో బెల్లం అజ్ఞాతంలోకి వెళ్లిపోయింది. ఉగాదికి ఇంటిల్లిపాదికీ బెల్లం ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి, మొగుడికి మాత్రం ఉత్త పప్పు కూరి ఒకటి చేసిపెట్టింది.

"ఏమ్మే, ఇది ఓళిగనా, పప్పు పెట్టిన చపాతీనా?"

"కండ్లు మూసుకొని తిను. ఓళిగే."

"కండ్లు మూసుకున్నా. నోరు తెరిచే ఉండాది గదా, దానికి తెలిసిపోతాండాది!"

"అయితే నోరు గూడా మూసుకో," అని జ్యోతిలక్ష్మి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇంత జరిగినా చేతులెత్తేసే మనిషి కాదు శ్రీరంగప్ప. ఎంతైనా గుట్టకిందపల్లి రైతు సోదర సంఘానికి కార్యదర్శి.

ముదిగుబ్బ పక్కన ఆ రాళ్ల చేలలో ఒక్కడు ఒంటరిగా సేద్యం చేయలేడని తెలిసి, శ్రీరంగప్ప తాత కాలంలో పెట్టుకున్న సంఘం అది. ఎద్దులు లేనివాడి చేను అందరూ కలిసి దున్నిపెడతారు. కాలు విరిగినవాడి చేలో అందరూ కలుపు తీస్తారు. పెళ్లయితే సంఘం గంగాళాలు, జంపఖానాలు ఆ ఇంటికి నడిచొస్తాయి. మీటింగులో పచ్చ తలపాగా కట్టాలి, ఒకరినొకరు "సోదరా" అనాలి. కొట్లాటలో కూడా ఆ నియమం తప్పదు. "సోదరా, నీ గట్టు నా చేలోకి జరిగినాది, తల పగలగొడతా సోదరా" అని ఎంతో మర్యాదగా కొట్లాడుకుంటారు.

సంఘం అధ్యక్షుడు తిప్పన్న. ఊరంతా మైకు తిప్పన్న అంటారు. పక్కన కూర్చున్న మనిషిని అగ్గిపెట్టె అడగాలన్నా ఆయనకు మైకు కావాలి.

ఏటా శ్రావణంలో సంఘం ఒక పాత ఆచారాన్ని పిల్లలకు చేసి చూపిస్తుంది. కిందటేడు కపిలి తోలారు. ఎద్దులు తాడు లాగుతుంటే తోలు బాన బావిలోంచి నీళ్లతో పైకి రావాలి. ఆ ఎద్దులు కపిలిని ఎన్నడూ చూడలేదు. ఆ బావి నీళ్లను చూసి చాలా కాలమైంది. చివరికి ట్రాక్టరు కట్టి లాగితే, బానలోంచి ఒక ముసలి కప్ప బయటికొచ్చి అందరినీ ఒకసారి చూసి, మళ్లీ బావిలోకే దూకేసింది.

ఈ ఏడు సంగతి నవ్వులాట కాదు. చెనక్కాయ, అదే వేరుశనగ, పూత మీద ఉంది. ఊడలు భూమిలోకి దిగే అదను. వాన మాత్రం మొహం చాటేసింది. పొద్దున లేచి చేను చూసుకొని వచ్చినవాడు ఎవరితోనూ మాట్లాడకుండా అరుగు మీద కూర్చుంటున్నాడు.

"సోదరులారా," అన్నాడు తిప్పన్న మైకులో, మూరెడు దూరంలో కూర్చున్న వాళ్లతో. "ఈ ఏడు ఏం చేద్దామప్పా?"

శ్రీరంగప్ప లేచి తలపాగా సర్దుకున్నాడు. "వరదపాశం చేద్దామన్నా."

పెద్దవాళ్లకు ఒళ్లు ఝల్లుమంది. పాశమంటే పాయసం. వానలు పడనప్పుడు అది వండి, గుట్ట మీద బండపైన పోసి, చేతులు వెనక్కి కట్టుకొని, పశువుల్లాగా మోకాళ్ల మీద వంగి నాకే ఆచారం. పైన దేవుడు చూసి, అయ్యో నా బిడ్డలు ఇంత కష్టపడుతున్నారా అని వాన కురిపిస్తాడని నమ్మకం. ఊళ్లో అది ఆగిపోయి చాలా ఏళ్లయింది.

"బెల్లం పాశమేనా సోదరా?" అని ఆంజినప్ప అడిగాడు. ఆంజినప్ప శ్రీరంగప్పకు పక్కింటివాడు. తిండి మాట వస్తే ఆయన ఒక్కడే ప్రశ్నలడుగుతాడు.

"బెల్లం లేకుంటే వానదేవుడు ఈ పక్క తిరిగి గూడా చూడడు. ఎంత బెల్లమైతే అంత వాన. మా తాత చెప్పినాడు." శ్రీరంగప్ప గొంతు సవరించుకున్నాడు. "ఇంగోటి. బండ నడిమిన గుంత ఉండాది గదా, అది కార్యదర్శిది. మా తాత ఆ గుంతలోనే నాకినాడు. ఆచారం!"

అసలు సంగతేమిటంటే, శ్రీరంగప్ప పుట్టక ముందే తాత పోయాడు. మీటింగుకు ముందు రోజు గుట్టెక్కి బండను పరిశీలించి వచ్చింది మాత్రం మనవడే. గుంతలో చేయి పెట్టి చూస్తే మణికట్టు దాకా మునిగింది. గుట్ట దిగుతున్నంతసేపూ ఆయన పాటలు పాడుకున్నాడు.

ఇంటికొచ్చి భార్యకు ఈ కబురు చెప్పేటప్పుడు మొహం వీలైనంత దిగులుగా పెట్టాడు.

"ఊరి కోసం తప్పేటట్ల లేదు జ్యోతీ. పాశం నాకల్ల."

"ఊరంతా నాకుతాంటే నువ్వొక్కడివి నాకకపోతే వాన ఆగిపోతాదా?"

"కార్యదర్శి యాడ అని దేవుడడిగితే ఏం చెప్పేది?"

"చక్కెర జబ్బు, లీవులో ఉండాడని చెప్పమను."

"చెనక్కాయ ఎండిపోతే నీదే పాపం, చూడు!"

జ్యోతిలక్ష్మి ఆయన మొహంలోకి ఒక నిమిషం చూసింది. ఆ తర్వాత "సరే పో. ధర్మకార్యం. పాశం నేనే వండుతా" అంది. పెళ్లయినప్పటి నుంచి తన మాటకు భార్య ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. శ్రీరంగప్పకు అది విజయంలాగా కనిపించింది. ఇంకో మొగుడైతే తలుపు గడియ పెట్టుకొని ఆలోచించేవాడు.

చేతులు లేకుండా నాకడం అలవాటు లేని పని. ఊరంతటితో పోటీ. అందుకని మర్నాడు పొద్దున్నే పశువుల కొట్టంలోకి దూరి, చేతులు వెనక్కి కట్టుకొని, మోకాళ్ల మీద వంగి, కుడితి రాయి మీద నీళ్లు పోసుకొని నాకడం మొదలుపెట్టాడు. దూడ కాసేపు చూసి, పద్ధతి బాగాలేదన్నట్టు తల తిప్పుకుంది.

సరిగ్గా అప్పుడే చేనికి గుంటక అరువు అడగడానికి ఆంజినప్ప వచ్చాడు.

"ఏమప్పా సోదరా! రాయిని నాకుతాండావు?"

శ్రీరంగప్పకు గొంతులో నీళ్లు అడ్డం పడ్డాయి. నోటికి అందిన మాట అనేశాడు. "దీక్ష! వరదపాశం దీక్షలో ఉండా."

ఆంజినప్ప చేతులు జోడించాడు. గుంటక సంగతి మరిచిపోయి వీధిలోకి పరిగెత్తాడు. మధ్యాహ్నానికల్లా ఆడవాళ్లొచ్చి శ్రీరంగప్ప పాదాలకు పసుపు రాశారు. ఒకామె కొబ్బరికాయ కొట్టింది. తిప్పన్న వీధి చివర నుంచి మైకులో అభినందించాడు. దీక్ష అంటే మెడలో పూలదండ కూడా ఉంటుందని శ్రీరంగప్పకు అప్పటిదాకా తెలియదు. బాగానే ఉంది.

జ్యోతిలక్ష్మి మాత్రం గిన్నె నిండా పులుసన్నం పెట్టుకొని మారెమ్మ ఇంటికి వెళ్లివచ్చింది.

మారెమ్మ ఊరిలోకెల్లా పెద్ద వయసు మనిషి. ఆమె మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. చెప్పినా ఆమెకు వినబడదు.

సాయంత్రం సంఘం మీటింగులో మారెమ్మ కర్ర తాటించుకుంటూ వచ్చింది. వెనక జ్యోతిలక్ష్మి, ఏమీ ఎరగని మొహంతో.

"దీక్ష పట్టిందెవురు నాయనా?" అంది మారెమ్మ.

"నేనేనవ్వా," అని శ్రీరంగప్ప దండ సర్దుకున్నాడు.

"అయితే నువ్వే మబ్బువి."

"మబ్బేందవ్వా?"

"దీక్ష పట్టినోడు మబ్బు. నల్ల కంబళి కప్పుకోవల్ల. పాశం కుండ నెత్తిన పెట్టుకొని గుట్టెక్కల్ల. బండ మీద పోయల్ల. అందురూ నాకుతాంటే సుట్టూ తిరిగి ఉరమల్ల."

"మరి నాకేదెప్పుడు?"

ప్రశ్న మారెమ్మకు వినబడలేదు. జ్యోతిలక్ష్మికి వినబడింది. "మబ్బు కురుస్తాది గానీ తాగుతాదా అయ్యా?" అని వినయంగా అడిగింది.

సభ మొత్తం "అవునప్పా, అవును" అంది.

"మా తాత కాలంలో ఇట్ల..." అని శ్రీరంగప్ప మొదలుపెట్టాడు.

"మీ తాతే!" అంది మారెమ్మ, ఆ ఒక్క మాట మాత్రం ఎట్లాగో వినబడి. "సిన్నపిల్లప్పుడు సూసినా. కంబళి కప్పుకొని ఏం ఉరిమినాడనుకున్నావు!"

శ్రీరంగప్ప మెడలో దండను అటూ ఇటూ తిప్పుకున్నాడు. ముసలామె చెప్పేది అబద్ధమనాలంటే తాత సంగతి తనకేమీ తెలియదని ఒప్పుకోవాలి. సంఘమంతా ఆరాధనగా ఆయన వైపే చూస్తోంది.

వరదపాశం రోజు ఎండ పెనం మీద నూనెలాగా చిటపటలాడుతోంది. జ్యోతిలక్ష్మి వంటింట్లో పాయసం దించి, గొర్రెల వాసన కొట్టే నల్ల కంబళిని మొగుడికి మెడ దాకా చుట్టి పిన్నీసు పెట్టింది.

"ఇదంతా మారెమ్మవ్వ నీకెప్పుడు చెప్పిందిమే?"

"మీ తాత నీకు చెప్పినాడే, అప్పుడే."

శ్రీరంగప్ప కుండ ముందు తల వంచాడు.

కుండ నెత్తికెక్కింది. ఏలకులు, నెయ్యి, కొత్త బెల్లం కలిసిన వాసన పైనుంచి దిగి ముక్కు మీద కూర్చుంది. సగం గుట్ట ఎక్కేసరికి పాయసం చుక్క ఒకటి కుండ అంచు దాటి నుదుటి మీదికి, నుదుటి నుంచి ముక్కు మీదికి జారింది. శ్రీరంగప్ప నాలుక బయటపెట్టి ఎదురుచూశాడు. ఇంకొక్క అంగుళం ఉందనగా వెనక నుంచి తుండుగుడ్డ వచ్చి దాన్ని తుడిచేసింది.

"మబ్బుకు చెమట పట్టినాది," అంది జ్యోతిలక్ష్మి జనంతో.

బండ మీద పాయసం పోశాడు. అది పాయలు పాయలుగా పారి, నడిమి గుంతలోకి చేరి బంగారంలాగా మెరిసింది. సంఘం సోదరులందరూ చేతులు వెనక్కి కట్టుకొని వంగారు. కార్యదర్శి గుంత ఖాళీగా ఉండకూడదని ఆంజినప్ప త్యాగం చేసి అందులో చెవుల దాకా మునిగాడు. తిప్పన్న మెడలో మైకు అట్లాగే ఉంది. ఆయన నాకుతుంటే "సుర్రు... సుర్రు..." అని కింద ఊళ్లోకి, పక్క ఊళ్లోకి కూడా వినబడింది.

"గుడగుడ," అన్నాడు శ్రీరంగప్ప చుట్టూ తిరుగుతూ.

"గట్టిగా ఉరుము నాయనా! మీ తాత ఉరిమితే గొర్రెలు పారిపోతాండె!" అంది మారెమ్మ.

"గుడగుడగుడ!" ఆయన గొంతులో ఉరుము కంటే ఏడుపు ఎక్కువుంది. గుంతలో పాయసం తగ్గిపోతోంది. ఆంజినప్ప ఊపిరి కూడా తీసుకోవడం లేదు. శ్రీరంగప్ప ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఉరుములే గాదప్పా, పిడుగు గూడా పడల్ల!" అని అరిచి, కంబళితో సహా గుంత మీదికి దూకాడు.

ఆంజినప్ప పక్కకు దొర్లాడు. శ్రీరంగప్ప నాలుక చాచి గుంతకు ఆనించాడు. గుంత అప్పటికే నిగనిగలాడేటట్టు నాకేసి ఉంది. నాలుకకు తగిలింది ఎండకు కాలిన రాయి. సుర్రుమంది. ఆయన పెట్టిన కేక అన్ని ఉరుముల కంటే పెద్దదని, గొర్రెలు నిజంగానే పారిపోయాయని తర్వాత అందరూ చెప్పుకున్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోనులో వీడియో తీశారు.

ఆ సాయంత్రం వాన పడింది. బంగాళాఖాతంలో అల్పపీడనమని టీవీలు ముందు నుంచీ చెబుతూనే ఉన్నాయి గానీ, గుట్టకిందపల్లి ఆ మాట చెవికెక్కించుకోలేదు. చేలన్నీ తడిసి మెత్తబడ్డాయి. అరుగుల మీద మౌనంగా కూర్చున్నవాళ్లు వానలో నిలబడి నవ్వారు. శ్రీరంగప్ప కూడా కాలిన నాలుక బయటపెట్టి వాననీళ్లు పట్టుకొని నవ్వాడు. చేను బతికింది, అది చాలు అనుకున్నాడు.

అది చాలదని మర్నాడు తెలిసింది.

"సోదరులారా!" అని తిప్పన్న మైకు మోగింది. "చెనక్కాయ పెరికేదాకా మన మబ్బు తీపి ముట్టుకోగూడదు. ముట్టుకుంటే కాయలు లొట్టపోతాయి. జ్యోతిలక్ష్మక్క చెప్పింది. అందురూ కాపలా కాయండప్పా!"

ఇంట్లో ఒక్క కాపలా ఉండగా ఊరంతా కాపలా అయింది. టీ అంగడివాడు చక్కెర డబ్బా దాచాడు. జెండా పండుగనాడు బడిలో లడ్డు అందుకుంటే ఒకటో తరగతి పిల్ల లాక్కొని, "మా నాయన చెనక్కాయ ఏసినాడు!" అని గదిమింది.

ఇక లాభం లేదని ఒకరోజు ఎరువుల పని ఉందని చెప్పి బస్సెక్కి కదిరి పోయాడు. తనను ఎరగని ఒక మిఠాయి అంగడి వెతుక్కొని, నాలుగు పక్కలా చూసి, మైసూరుపాకు వేలితో చూపించాడు.

అంగడాయన పొట్లం కట్టబోయి ఆగాడు. కళ్లు పెద్దవి చేశాడు. "అన్నా! నువ్వు పిడుగై పడిన అన్నవి గదా! వీడియో చూసినా!"

"నేను గాదప్పా..."

"నువ్వే! మాది తనకల్లు. మా పక్క ఇంగా చినుకు లేదన్నా." ఆయన మైసూరుపాకు మళ్లీ పళ్లెంలో పెట్టి, కళ్లకద్దుకొని, ఒక గ్లాసు చల్లటి నీళ్లిచ్చాడు. "యా ఊరన్నా మీది?"

శ్రీరంగప్ప ఊరి పేరు చెప్పకుండా పారిపోయాడు. బస్టాండులో కాసేపు ఒంటరిగా కూర్చొని, చీకటి పడకముందే ఇల్లు చేరాడు.

ఇంటి ముందు జీపు ఆగి ఉంది. తనకల్లు రైతులు అరుగు మీద వరసగా కూర్చొని కాఫీ తాగుతున్నారు. వాసన చూస్తేనే తెలుస్తోంది, బెల్లం కాఫీ. వాళ్ల మధ్యలో ఇంకా పెద్దది, ఇంకా నల్లటిది, కొత్త కంబళి మడిచి ఉంది.

"వచ్చినావా? నీ కోసమే చూస్తాండారు పాపం. అంగడాయన బస్టాండులో అడిగి మన ఊరు కనుక్కొని వీళ్లకు ఫోన్ చేసినాడంట," అంది జ్యోతిలక్ష్మి.

ఒక పెద్దాయన లేచి తన గ్లాసు శ్రీరంగప్ప ముందుకు చాచాడు. "తీసుకోన్నా."

"అయ్యో, ఆయనకొద్దు," అని జ్యోతిలక్ష్మి ఆ గ్లాసును మెల్లగా వెనక్కి జరిపింది. "ఆయన మబ్బు."

శ్రీరంగప్ప భార్య వైపు చూశాడు. ఆమె కళ్లు నవ్వుతున్నాయి. ఆయన నిట్టూర్చి, కంబళి తీసి భుజాన వేసుకొని, "ఎప్పుడు పోదామప్పా?" అన్నాడు.