ఇక బయట ఎవరూ ఉండరు

"మార్చి నెలాఖరు దాటాక ఈ నియోజకవర్గంలో బయట ఎవరూ ఉండరు. అందరినీ లోపలికి తీసుకుంటాం!"

2007 జనవరిలో తాడేపల్లిగూడెం విలేకరుల ముందు నిత్యానందం గారు ఈ మాట ప్రకటించగానే అందరి కలాలూ ఆగిపోయాయి. బందోబస్తుకొచ్చిన హెడ్డు కానిస్టేబులు కూడా ఉలిక్కిపడి టోపీ సర్దుకున్నాడు. ఆయన చెప్పింది సోషల్ ఇన్‌క్లూజన్ గురించనీ, మైనారిటీలను సమాజంలోకి చేర్చడానికి ఒక విదేశీ సంస్థ నిధులిస్తోందనీ కాసేపటికి తెలిసింది. అందరూ ఊపిరి పీల్చుకుని టీ తాగారు.

నిత్యానందం గారు సామాన్యులు కారు. అంతకుముందు పొగరాని పొయ్యిల మీద పనిచేశారు. ఆ తరువాత వాననీటి గుంతల మీద. ఏ సమస్యకు నిధులు వస్తే ఆ సమస్యను మనసారా ప్రేమించగల విశాల హృదయం ఆయనది. పైగా పాలకపక్షంలో పదవి కూడా ఉంది. కాబట్టి ప్రేమకు అడ్డొచ్చేవాళ్ళు లేరు.

మరునాడే ఆయన ప్రాజెక్టు జీపులో మొహిద్దీన్ ఇంటికి వచ్చారు. మొహిద్దీన్ బిర్యానీ వంటవాడు. గూడెం నుంచి పెంటపాడు దాకా పెద్ద పెళ్ళి ఏదైనా అతని డేగిసా పొయ్యి మీదికి ఎక్కాల్సిందే.

"మొహిద్దీన్ భాయ్, మీరు వల్నరబులేనా?"

"ఏంటండీ?"

"అదే, మిమ్మల్ని ఎవరైనా పక్కకు తోసేశారా?"

"మొన్న సంతలో ఆంబోతు తోసిందండీ."

"అది ఇందులో రాదు. ఇంకేమైనా కష్టం?"

మొహిద్దీన్‌కు కష్టం ఉంది. వాళ్ళ వీధి నుంచి ఖబరస్తాన్‌కు వెళ్ళే దారి మీద రైసుమిల్లు వాళ్ళు ఊక బూడిద పోస్తున్నారు. పోసి పోసి అది తాటిచెట్టంత గుట్టయింది. అడిగితే ఆ బూడిద తమది కాదనీ, గాలి తెచ్చి పోసిందనీ మిల్లువాళ్ళు అన్నారు. గాలి తమ పరిధిలోకి రాదని మున్సిపాలిటీవాళ్ళు అన్నారు. సంక్రాంతి వెళ్ళగానే అతని తల్లి మరియంబీ చనిపోయింది. దారి లేక జనాజాను పొలాల మీదుగా మోసుకెళ్ళారు. దాళ్వా నాట్ల కాలం, పంటబోదెలో మోకాలి లోతు నీళ్ళు. ముందు మోస్తున్న వాళ్ళలో ఒకరికి కాలు జారింది. అమ్మ పడలేదు. అంతవరకు నయం.

"మా ఖబరస్తాన్‌కి దారి లేదండీ," అన్నాడు మొహిద్దీన్. "అమ్మ నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకైనా దారి ఉంటే, ఆడవాళ్ళు కూడా బురద తొక్కకుండా ఖబరస్తాన్ గోడదాకా వచ్చి దణ్ణం పెట్టుకుంటారండీ."

నిత్యానందం గారి కళ్ళు మెరిశాయి. "బ్రహ్మాండం! దీన్నే యాక్సెస్ ఇష్యూ అంటారు. వచ్చే నెలలో నిధులిచ్చే సంస్థ నుంచి ఇంగ్రిడ్ మేడమ్ వస్తున్నారు. మంత్రిగారు కూడా. స్టేజి మీద మీకు మూడు నిమిషాలు. మీరే మైనారిటీ ప్రతినిధి. అన్నట్టు ఆ రోజు బిర్యానీ కూడా మీదే."

"రెండూ నేనేనాండీ?"

"ఒక మనిషిని రెండు విధాలా కలుపుకోవడమే కదండీ ఇన్‌క్లూజన్!"

కార్యక్రమం సరిగ్గా అమ్మ నలభైనాడే వచ్చింది. మొహిద్దీన్ దాన్ని శుభసూచన అనుకున్నాడు. తెల్లచొక్కాకు గంజి పెట్టించాడు. భార్య షబానా ముందు నిలబడి ఉపన్యాసం ప్రాక్టీసు చేశాడు.

"నమస్కారం అండీ. మా ఖబరస్తాన్‌కి దారి లేదండీ. దయచేసి దారి ఇప్పించండి."

"అంతేనా?" అంది షబానా. "మూడు నిమిషాలిచ్చారుగా, మిగతాసేపు ఏం చేస్తారండీ?"

"దణ్ణం పెట్టుకుని నిలబడతాను."

సభ ఫంక్షన్ హాల్లో పెడదామన్నారు గానీ, ఫీల్డు విజిట్ ఫీల్డులోనే జరగాలని మేడమ్ ముందే రాశారట. దాంతో ముస్లిం వీధికీ మిల్లుకూ మధ్య ఉన్న ఖాళీ స్థలం ఖాయమైంది. అయితే కార్లు నిలపడానికి చోటు లేదు. ముందురోజు పొద్దున్న మొహిద్దీన్ మసాలాలు కొనుక్కుని వచ్చేసరికి పొక్లెయిన్ ఒకటి బూడిద గుట్ట మీదెక్కి తవ్వేస్తోంది. ట్రాక్టర్లు వరసగా మోసుకుపోతున్నాయి.

ఇంకా ఉపన్యాసమైనా చెప్పలేదు, అప్పుడే పని జరిగిపోతోంది! ట్రాక్టరు యోసేపును ఆపి చెయ్యి పట్టుకున్నాడు.

"ఎక్కడ పోస్తున్నావయ్యా యోసేపూ?"

"పల్లం చూసి పొయ్యమన్నారండీ. ఎవరూ అభ్యంతరం చెప్పని చోటు చూసుకోమన్నారు."

"మంచి మాట," అన్నాడు మొహిద్దీన్. ఇంకొకరికి ఇబ్బంది కాకూడదని ఆలోచించే నాయకుడు మళ్ళీ దొరకడు. ఆ సంతోషంలో ఇంటికి పరుగెత్తి షబానాను పిలుచుకొచ్చి చూపించాడు. సాయంత్రానికి దారి పొడవునా సున్నం గీతలు పడ్డాయి. ఏలూరు నుంచి తెచ్చిన ఎర్ర తివాచీ పరిచారు. దారి చివర, అవతలి దృశ్యం ఫొటోల్లో పడకుండా, షామియానా మునీర్ చేత పూల పరదా కట్టించారు.

మర్నాడు ఇంగ్రిడ్ మేడమ్ పొద్దున్నే కొల్లేట్లో పడవెక్కి పక్షులను చూశారు. ఎక్కడినుంచో వలస వచ్చిన పెలికాన్లకు ఇనప స్టాండ్లు వేసి గూళ్ళకు వసతి కల్పించడం ఆవిడను కదిలించింది. అటునుంచి ద్వారకా తిరుమల దర్శనం. సభకు రావలసింది పదింటికి. కారు హారన్లు వినబడేసరికి మధ్యాహ్నం రెండు దాటింది.

మంత్రిగారు దిగుతూనే, "భోజనం ఎంతసేపట్లో?" అని అడిగారు. ఆ ప్రశ్నతో మొహిద్దీన్ డేగిసాలకు మూతలు పెట్టి, పిండి అతికించి, దమ్ముకు వేశాడు. ఇక అక్కడినుంచి కదలడానికి లేదు.

ఈలోగా సభలో చిన్న ఇబ్బంది వచ్చింది. "మైనారిటీ సోదరులు" అని బోర్డు పెట్టిన కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి.

"ఏరయ్యా వీళ్ళంతా?" అన్నారు నిత్యానందం గారు పళ్ళు కొరుకుతూ.

ప్రాజెక్టు ఫీల్డు ఆఫీసరు కామేశం చేతులు నలుపుకున్నాడు. "అందరూ ఇక్కడే ఉన్నారండీ. మునీర్ షామియానా రాట పట్టుకున్నాడు, గాలికి ఊగుతోందట. ఫిరోజ్ మైకు దగ్గర. కుర్రాళ్ళంతా ఆటోల్లో జనాన్ని తెస్తున్నారు. మిగతావాళ్ళు ఉల్లిపాయలు కోస్తున్నారండీ."

"అంటే అందరూ పాల్గొంటున్నారన్నమాట. రాసుకో! మరి కుర్చీల్లో ఎవరు?"

ఎవరూ లేరు. కాబట్టి ఆఫీసు సిబ్బంది కూర్చున్నారు. మూడు నిమిషాల ఉపన్యాసం కామేశానికి పడింది. ఫిరోజ్ టోపీ తీసి అతని నెత్తిన పెట్టారు.

"సార్, నేను అర్చకుల కుటుంబం. నుదుట నామం ఉందండీ."

"టోపీ కిందకి లాక్కో."

డేగిసా పక్కన నిలబడి మొహిద్దీన్ మైకులో విన్నాడు. "నా పేరు మొహిద్దీనండీ," అంటోంది కామేశం గొంతు. మొహిద్దీన్‌కు నవ్వొచ్చింది. "మాకు ఖబరస్తాన్‌కి దారి ఉండేది కాదండీ. ప్రాజెక్టు వచ్చింది. ఒక్క రోజులో దారి వచ్చింది. ఇక మాకు ఏ సమస్యా లేదండీ."

చప్పట్లు మోగాయి. మొహిద్దీన్ కూడా గరిటె కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. ఎవరు చెబితేనేం, అందులో అబద్ధం ఏముంది? పేరు తప్ప.

మేడమ్ ఆ దారి చూస్తానన్నారు. తివాచీ మీదుగా నడిచి పరదా దగ్గర ఆగారు. అవతల ఏముందని అడిగారు.

"చాలా పవిత్రమైన స్థలం మేడమ్," అన్నారు నిత్యానందం గారు. "మనం పరదా తియ్యకూడదు. వాళ్ళ మనోభావాలు."

మేడమ్ టోపీ తీసి, పూల పరదా ఎదురుగా తలవంచి మౌనం పాటించారు. మంత్రిగారు కూడా పాటించారు గానీ ఆయన ముఖం డేగిసాల వైపు తిరిగి ఉంది. ఈ నమూనాను మరో ఎనిమిది దేశాల్లో అమలు చేయాలని ఆవిడ అక్కడికక్కడే ప్రకటించారు.

భోజనాలు అయ్యాయి. కార్లు వెళ్ళిపోయాయి. ఆటోలు జనాన్ని తీసుకుపోయాయి. ఏలూరు వాళ్ళు తివాచీ చుట్టుకుని లారీకెక్కించారు. ఎండ తగ్గుతుండగా మొహిద్దీన్ చేతులు కడుక్కుని, గంజి పెట్టిన తెల్లచొక్కా తొడుక్కున్నాడు. షబానా గులాబీ రేకుల పొట్లం, అగరొత్తులు తెచ్చింది. ఇద్దరూ ఆ దారిన నడిచారు. కాలికి బురద అంటలేదు. సున్నం గీతలు తెల్లగా, తిన్నగా ఉన్నాయి. షబానా రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంది, ఇది తమ వీధి దారేనా అన్నట్టు.

మునీర్ అప్పుడే పరదా ముళ్ళు విప్పుతున్నాడు. గుడ్డ జారి కింద పడింది.

అవతల ఖబరస్తాన్ గోడ పైఅంచు మాత్రం ఒకచోట కనిపిస్తోంది. ఆ మూల నుంచి ఈ మూల దాకా మిల్లు బూడిద చదునుగా పరిచి ఉంది. ట్రాక్టరు చక్రాల గుర్తులు దాని మీద చక్కగా పడ్డాయి. గాలికి సన్నటి పొడి లేచి షబానా చేతిలోని రేకుల మీద వాలింది.

"ఏవండీ," అంది షబానా మెల్లగా, "అత్తమ్మ ఎటువైపండీ?"

మొహిద్దీన్ వంగి చేత్తో కొంచెం బూడిద పక్కకు తోశాడు, కింద కూడా బూడిదే.

వెనకనుంచి జీపు హారన్ మోగింది. నిత్యానందం గారు కిటికీలోంచి తల బయటపెట్టి, పళ్ళు కుట్టుకుంటూ, "భాయ్, బిర్యానీ అదిరిందండీ! దారి ఎలా ఉంది?" అని కేకేశారు.

పెద్దమనిషి అడిగితే బదులివ్వకుండా ఉండడం ఆ వీధిలో ఎవరికీ అలవాటు లేదు.

"దారి బావుందండీ," అన్నాడు మొహిద్దీన్.