నోటీసు బోర్డు మీద సోషల్ మీడియా

మా పక్కింటి మెర్ల్ కబురు మోసుకొచ్చింది. ఆమెకు పోస్టాఫీసులో చెప్పారట, పోస్టాఫీసుకు కాలేజీ ఊడ్చే మనిషి చెప్పాడట: మా యారండూల్ ఊరి కాలేజీలో సోషల్ మీడియా కోర్సు పెడుతున్నారు, అదీ ఉత్త పుస్తకాల చదువు కాదు, చేత్తో చేసి నేర్చుకునేది.

"నోలీన్ కూడా చేరిందటయ్యా! ఆ బేకరీ నిలబడాలంటే ఇక అదొక్కటే దారట, పాపం. నువ్వూ చేరరాదూ, ఇంట్లో ఈగలు తోలుకునే బదులు?" అంది, గేటు మీద మోచేతులాన్చి. చేరాను.

హైవేను ఊరి అవతలికి మళ్ళించినప్పటి నుంచీ నోలీన్ ట్రాంటర్ బేకరీ ముందు ఆగే బండి లేదు. చాక్లెట్‌లో ముంచి కొబ్బరిపొడిలో దొర్లించిన ఆమె లామింగ్టన్ కేకుల కోసం ఒకప్పుడు లారీలు వరస కట్టేవి. జూన్ ఆఖరుకల్లా బేరాలు పుంజుకోకపోతే కొట్టు మూతే. తన కొట్టు ఇంకా ఉందని దారిన పోయేవాళ్ళకు తెలియాలి. ఆమె కోరికల్లా అంతే.

కోర్సు విషయంలో కాలేజీ తొందరపడిందని ఎవరూ అనలేరు. పదకొండు మంది కమిటీ ఏడాదిపాటు ప్రణాళిక వేసింది. ఆ ఏడాదిలో ఒక సభ్యుడు రిటైరయ్యాడు, ఇద్దరు ఒకరినొకరు పెళ్ళాడారు, ప్రణాళికలోని మూడు యాప్‌లలో రెండు కాలం చేశాయి. పాఠం చెప్పడానికి ఫెర్గస్ డన్‌స్టన్‌ను ఎన్నుకున్నారు. ఆయనకు ఎందులోనూ ఖాతా లేదు. ఉంటే నిష్పాక్షికత చెడుతుందట.

మొదటి వారం కుర్చీ ఎత్తు సరిచేసుకోవడం నేర్చుకున్నాం. రెండో వారం, కాలేజీకి నిప్పంటుకుంటే ఎక్కడ నిలబడాలో నేర్చుకున్నాం. బాగా నిలబడ్డామని మెచ్చుకున్నారు. మూడో వారం ఫోన్లన్నీ ప్లాస్టిక్ తొట్టిలో వేయించారు. ప్రమాద అంచనా పత్రంలో ఇరవై మూడు ప్రమాదాలు తేలాయి మరి. వాటిలో అతి పెద్దది: "పెట్టిన పోస్టును బయటివాళ్ళు చూసే అవకాశం కలదు."

కాబట్టి పోస్టులు కాగితం మీద రాసి, తరగతి గదిలోని నోటీసు బోర్డుకు గుచ్చాలి. నచ్చితే నీలం చుక్క అంటించాలి. వ్యాఖ్యలకు పసుపు చీటీలు.

"ఫెర్గస్ నాయనా, హైవే మీద పోయేవాడు ఈ బోర్డెలా చూస్తాడు?" అంది నోలీన్.

"చూడలేడు నోలీన్. అందుకేగా ఇంత భద్రం!"

నోలీన్ లామింగ్టన్ బొమ్మ గీసి, ఊళ్ళోకి తిరిగే దారి గీసి గుచ్చింది. తరగతి తరగతంతా ఎగబడింది. ఇరవై చుక్కలు! "నోరూరుతోంది" అని పదమూడు చీటీలు. అందులో ఒకటి నాదే. ఇంతలో కొబ్బరి పడనివారి మనోభావాల గురించి ఎవరో ఫిర్యాదు రాశారు. బొమ్మను దించి మూడు వారాలు విచారించారు. మే నెలలో హెచ్చరికతో సహా తిరిగి గుచ్చారు. హెచ్చరిక కాగితం పెద్దదవడంతో బొమ్మలో దారి మాత్రమే కనిపించేది, కేకు కనిపించేది కాదు.

జూన్ ఆఖరున పట్టాల పండుగ. బల్లల మీద పళ్ళేలనిండా లామింగ్టన్లు, హైవే పెట్రోలు బంకులో కొన్నవి. ఆమోదిత సరఫరాదారుల జాబితాలో నోలీన్ పేరు లేదు. దరఖాస్తు పెట్టింది కానీ, అది వచ్చే సంవత్సరపు సమావేశానికి వెళ్ళింది.

ప్రిన్సిపాల్ రొవేనా పిల్కింగ్టన్ మైకు పట్టుకున్నారు. "మనం పాఠాలు చెప్పలేదు, బంధాలు అల్లాం! ఒక చిన్న బేకరీని సమాజం గుండెకు హత్తుకున్నాం! రామ్మా నోలీన్, ఈ కోర్సు నీ వ్యాపారాన్ని ఎలా మార్చేసిందో నాలుగు ముక్కలు చెప్పు!"

చప్పట్లు కొట్టాం, చేతులకంటిన కొబ్బరిపొడి రాలేట్టు. నోలీన్ మైకు అందుకుంది. ఆమె అడిగినదాన్ని కార్యక్రమ నివేదికలో ఉన్నదున్నట్టు ఎక్కించారు. దాని ఎదుట "జవాబు" అని అచ్చువేసిన గడి ఉంది. ఆ గడి నేటికీ ఖాళీ.

"పోయిన మంగళవారం కొట్టు మూసేశా. మీరంతా నడిచొచ్చేంత దూరంలోనే ఉంటారు కదర్రా. మీలో ఒక్కరికన్నా తెలిసిందా?"