అమ్మ వల్ల లాభనష్టాలు

మా తంతా ఊరి ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేది పిల్లలకు ఇంగ్లీషు రాకుండా చూడటానికే! నవ్వకండి. ఈ మహత్తర లక్ష్యం కోసం ఏళ్ల తరబడి గొంతు అరగదీసుకుంటున్నవాణ్ణి, మిస్టర్ వగీహ్‌ని, చెబుతున్నాను.

నిజంగా ఇంగ్లీషు వస్తే ఏమవుతుంది? పిల్లలు ప్రశ్నలు వేస్తారు. అప్పుడు సిలబస్ ఎప్పటికి పూర్తవుతుంది? నా ట్యూషన్‌లో చోటు చాలక మెట్లమీద కూర్చునేవాళ్లు ఏమైపోవాలి?

అందుకే అన్నిటికీ సరిపోయే ఒకే వ్యాసం బట్టీ వేయిస్తాను. నైలు నది, కాలుష్యం, ఫుట్‌బాల్, ఏదైనా సరే! ముందు లాభాలు, తర్వాత నష్టాలు, చివర ప్రభుత్వం తీసుకోవాల్సిన చర్యలు. పేరు మారిస్తే చాలు.

ఈసారి ఇంగ్లీషు టీచర్ల కాలేజీవాళ్లు మా బడికి ఒక ఉచిత సీటిచ్చి, ఇంగ్లీషులో వ్యాసం రాయించి, అదెవరికివ్వాలో నన్నే తేల్చమన్నారు. అంశం అమ్మ. రగ్దా ఎంత చక్కగా రాసిందనుకున్నారు! "అమ్మ వల్ల లాభాలు అనేకం. అయితే నష్టాలూ లేకపోలేదు. అమ్మ విషయంలో ప్రభుత్వం తక్షణమే చర్యలు తీసుకోవాలి." కళ్లు మూసుకుని నూటికి నూరు వేశాను.

షాహిందా అనే పిల్ల మాత్రం, వాళ్లమ్మ రొట్టెల క్యూలో అందరితో పోట్లాడి, ఇంటికొచ్చి వాళ్ల గొంతులన్నీ అనుకరించి నవ్విస్తుందని రాసింది. సొంత వాక్యాలు! ఎంత ధైర్యం!

"నష్టాలేవే?" అని గద్దించాను.

"మా అమ్మ వల్ల నష్టాలేం లేవు మిస్టర్!"

"వెతికితే ఎందుకు దొరకవు? రగ్దాకి దొరకలేదూ?"

"ఆ సీటు రాకపోతే నాకిక చదువు లేదు మిస్టర్. మా నాన్న ఫీజు కట్టలేడు."

జాలేసింది. కానీ జాలికి మార్కులుండవు కదా! సీటుకి రగ్దా పేరే పంపేశాను.

నిన్న ఆ కాలేజీ నుంచి విదేశీ మేడమ్ ఒకావిడ రగ్దాను చూడటానికి క్లాసుకొచ్చింది. ఏదో అడిగింది. రగ్దా బట్టీపట్టిన వ్యాసం అప్పజెప్పసాగింది. మేడమ్ ఆపి, మరోటి అడిగింది. రగ్దా మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది!

షాహిందా ఉండబట్టలేక లేచి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. తప్పులు బోలెడు ఉండే ఉంటాయి. మేడమ్ పకపకా నవ్వింది. ఇద్దరూ అక్కాచెల్లెళ్లలా కబుర్లలో పడ్డారు. బడిలో ఇదేం పద్ధతండీ?

ఇంతలో మేడమ్ నావైపు తిరిగి ఏదో అడిగింది. హుందాగా తలూపాను. మళ్లీ అడిగింది. మళ్లీ ఊపాను. ఆవిడ కదలదే!

"ఏమంటోంది తల్లీ?" అన్నాను షాహిందా పక్కకు జరిగి, గొంతు తగ్గించి.

"నన్ను కాదని రగ్దాకు సీటిచ్చిన మాస్టారు ఎవరని అడుగుతోంది మిస్టర్. ఏం చెప్పమంటారు?"